రెండో నంబర్ రాయలేదు... నా ఓటు ఏమైపోయింది? ఎమ్మెల్సీ ప్రాధాన్యత ఓటు అసలు కథ

ఈరోజు వీడియోలో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. చిన్న తప్పే. కానీ నాలాగా ఇదే పని చేసినవాళ్లు ఒక్క మన హైదరాబాద్ సీట్లోనే వేల మంది ఉన్నారు. వాళ్లందరూ డిగ్రీ చదివినవాళ్లే. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ హాస్టళ్లలో ఉండి ఈ వీడియో చూస్తున్న మీలో కూడా కొంతమంది ఉండొచ్చు.

2021 మార్చి 14, ఆదివారం. మహబూబ్‌నగర్ - రంగారెడ్డి - హైదరాబాద్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. మన హైటెక్ సిటీ ఏరియా మొత్తం ఈ సీటు కిందకే వస్తుంది. బూత్‌కి వెళ్లాను. బ్యాలెట్ పేపర్ చేతికిచ్చారు. మడత విప్పితే న్యూస్ పేపర్ అంత ఉంది! మొత్తం 93 మంది అభ్యర్థులు. ఈవీఎం లేదు, బటన్ లేదు. వాళ్లిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్‌తో నంబర్లు రాయాలి.

నాకు నచ్చిన ఒక ఇండిపెండెంట్ ఉన్నారు. ఎవరనేది చెప్పను, అది నా ఓటు. ఆయన పేరు పక్కన 1 అని రాశాను, మడిచి డబ్బాలో వేసి వచ్చేశాను. డ్యూటీ అయిపోయింది అనుకున్నాను. మిగతా 92 గళ్లూ ఖాళీ.

ఆ వారంలోనే మెల్‌బోర్న్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. మాటల్లో చెప్పాను, "అన్నయ్యా, ఓటేసి వచ్చా, ఒక్కడికే వేశా" అని. వాడు నవ్వాడు. "ఒరేయ్, ఇక్కడ నువ్వు అలా చేస్తే నీ ఓటు చెల్లదురా. అన్ని గళ్లూ నింపాల్సిందే. మా పార్టీలు బతికేదీ, చచ్చేదీ ఆ రెండో నంబర్ మీదే" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. కౌంటింగ్ చూశాక అర్థమైంది.

ముందు సింపుల్‌గా, ఈ సిస్టమ్ ఎలా పనిచేస్తుందో చూద్దాం.

మీ టీమ్‌లో తొమ్మిది మంది ఉన్నారనుకోండి. ఫుడ్ కోర్టులో అందరికీ కలిపి ఒకటే ఆర్డర్ పెట్టాలి. నలుగురు మటన్ బిర్యానీ అన్నారు, ముగ్గురు దోశ అన్నారు, ఇద్దరు వెజ్ మీల్స్ అన్నారు. మన అసెంబ్లీ ఎన్నికల లెక్కలో అయితే బిర్యానీ గెలిచేసింది. నాలుగే ఎక్కువ కదా. మిగతా ఐదుగురూ వెజిటేరియన్లు అయినా సరే, వాళ్ల ఖర్మ!

ప్రాధాన్యత ఓటులో అలా కుదరదు. గెలవాలంటే చెల్లిన ఓట్లలో సగం కన్నా ఎక్కువ రావాలి. తొమ్మిదిలో ఐదు. ఎవరికీ రాలేదు. అప్పుడు అందరికన్నా తక్కువ వచ్చినవాళ్లను, అంటే మీల్స్‌ని ఎలిమినేట్ చేస్తారు. ఆ ఇద్దరి స్లిప్పులు మళ్లీ తీసి, రెండో నంబర్ దేనికి ఇచ్చారో చూస్తారు. దోశ అని ఉంది. ఇప్పుడు దోశ ఐదు, బిర్యానీ నాలుగు. దోశ గెలిచింది.

ఇప్పుడు అసలు పాయింట్. మీల్స్ అన్న ఆ ఇద్దరూ నాలాగా 1 మాత్రమే రాసి వదిలేశారనుకోండి? వాళ్ల స్లిప్పులు పక్కన పెట్టేస్తారు. ఇంక వాటికి లెక్కలో చోటు లేదు. నాలుగు, మూడు. బిర్యానీ గెలిచింది. ఆ ఇద్దరూ ఆకలితో కూర్చోవాలి. అలా పక్కకెళ్లిన స్లిప్పు నాది.

ఇప్పుడు మన సీటు నంబర్లు చూద్దాం. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో 17న కౌంటింగ్ మొదలైతే 20న గానీ ఫలితం రాలేదు. చెల్లిన ఓట్లు 3 లక్షల 37 వేలు. గెలవాలంటే 1,68,520 కావాలి. మొదటి ప్రాధాన్యతలో టీఆర్ఎస్ అభ్యర్థి సురభి వాణీదేవి గారికి, అంటే పీవీ నరసింహారావు గారి కూతురికి, లక్షా 12 వేలు దాటాయి. అప్పటి సిట్టింగ్ ఎమ్మెల్సీ, బీజేపీ రాంచందర్ రావు గారికి లక్షా 4 వేలు దాటాయి. ఇండిపెండెంట్‌గా నిలబడ్డ ప్రొఫెసర్ నాగేశ్వర్ గారికి 53 వేలకు పైగా. ఎవరూ సగానికి దగ్గర్లో కూడా లేరు.

అక్కడినుంచి ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ వచ్చారు. అందరూ పోయి ఆ ఇద్దరే మిగిలేసరికి వాణీదేవి గారికి సుమారు లక్షా 49 వేలు, రాంచందర్ రావు గారికి సుమారు లక్షా 37 వేలు. తేడా పదకొండు వేల ఏడు వందల చిల్లర.

ఇప్పుడు మీ ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. ఆ రెండూ కలిపితే 2 లక్షల 87 వేల లోపే. చెల్లిన ఓట్లేమో 3 లక్షల 37 వేలు. మిగతావి ఏవి? సుమారు 50 వేల ఓట్లు. చెల్లని ఓట్లు కావు, అన్నీ చెల్లినవే. కానీ చివరి ఇద్దరిలో ఎవరివైపూ వెళ్లకుండా మధ్యలోనే ఆగిపోయాయి. గెలుపు తేడాకి నాలుగు రెట్లు! అందులో ఒకటి నాది.

అవన్నీ వెళ్లి ఉంటే ఫలితం మారేదా? నేను చెప్పలేను. ఎవరు గెలవాలనేది నా టాపిక్ కూడా కాదు. పాయింట్ ఏంటంటే, ఆ 50 వేల మంది చివరి రౌండ్‌లో రూమ్‌లోనే లేరు. నేను బయటికి వచ్చేశాక లోపల నిర్ణయం జరిగింది.

మరి రెండో నంబర్ నిజంగా ఆట మార్చగలదా అంటే, మారుస్తుంది. పక్క రాష్ట్రంలో మార్చింది కూడా. 2023 మార్చి, ఏపీలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల సీటు. కడప, అనంతపురం, కర్నూలు. మొదటి ప్రాధాన్యతలో అధికార వైసీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి గారే ముందున్నారు. తేడా రెండు వేల లోపు. మామూలు ఎన్నికైతే అక్కడితో బాణాసంచా కాల్చేసేవాళ్లు. కానీ ఆ ఎన్నికల్లో టీడీపీకీ, వామపక్షాలూ ఉపాధ్యాయ సంఘాలూ కలిసిన పీడీఎఫ్‌కీ ఒక అవగాహన ఉంది. మా వాళ్ల రెండో ఓటు మీకు, మీ వాళ్ల రెండో ఓటు మాకు అని. పీడీఎఫ్ అభ్యర్థి, మిగతావాళ్లు ఎలిమినేట్ అయ్యాక లెక్క తిరగబడింది. వెనకబడి ఉన్న టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి గారు 7 వేలకు పైగా తేడాతో గెలిచారు. ఆ మూడు పట్టభద్రుల సీట్లూ టీడీపీకే వెళ్లాయి. ఏడాది తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు.

దీనికి ఉల్టా కథ కూడా ఉంది. 2021లోనే, వరంగల్ - ఖమ్మం - నల్గొండ సీటు. టీఆర్ఎస్ పల్లా రాజేశ్వర్ రెడ్డి గారు ఫస్ట్, తీన్మార్ మల్లన్న సెకండ్, ప్రొఫెసర్ కోదండరాం గారు థర్డ్. రెండు, మూడు స్థానాల ఓట్లు కలిపితే మొదటి స్థానం కన్నా చాలా ఎక్కువ. కానీ అవి కలవలేదు, పూర్తిగా ఒకవైపు రాలేదు. 27 వేల పైన ఉన్న తేడా చివరికి 12 వేల పైన దగ్గర ఆగింది. తగ్గింది, కానీ తెగలేదు. పొత్తు లేదు, "రెండో నంబర్ ఫలానావాళ్లకి వేయండి" అని గట్టిగా అడిగినవాళ్లూ లేరు.

ఇక్కడే మా అన్నయ్య చెప్పిన ఆస్ట్రేలియా గుర్తొచ్చింది. వాళ్లు 1918 నుంచి ఇదే పద్ధతిలో దిగువ సభకి ఓటేస్తున్నారు. ఎందుకు మొదలైందో తెలుసా? ఆ ఏడాది స్వాన్ అనే చోట ఉపఎన్నిక వచ్చింది. లేబర్ వ్యతిరేక ఓటు రెండుగా చీలి, మూడో వంతు ఓట్లతో లేబర్ గెలిచేసింది. అప్పటి ప్రభుత్వం భయపడి వెంటనే చట్టం మార్చింది. అంటే లేబర్‌ని ఆపడానికి తెచ్చిన పద్ధతి ఇది. చాలా ఏళ్లు ఆపింది కూడా. 1955లో లేబర్ చీలిపోతే, విడిపోయినవాళ్ల రెండో నంబర్లు లిబరల్స్ కూటమికి వెళ్లి, 1972 దాకా లేబర్ అధికారంలోకి రాలేదు.

ఇప్పుడు అదే పద్ధతి లేబర్‌ని మోస్తోంది. 2025లో వందలో 35 మంది కూడా లేబర్‌కి 1 రాయలేదు. అయినా 150 సీట్లలో 94 వచ్చాయి. గ్రీన్స్ ఓటర్లలో ఎక్కువమంది తర్వాతి నంబర్ లేబర్‌కే ఇస్తారు. అదే ఎన్నికలో మెల్‌బోర్న్ సీట్లో గ్రీన్స్ నాయకుడు ఆడమ్ బ్యాండ్ట్ మొదటి ప్రాధాన్యతలో ముందుండి కూడా ఓడిపోయారు. లిబరల్స్ ఓటర్ల నంబర్లు లేబర్ వైపు వెళ్లాయి. పద్ధతి ఎవరి చుట్టమూ కాదు ఫ్రెండ్స్. ఎవరు పక్కవాళ్ల ఓటర్లకి రెండో ఇష్టంగా ఉంటారో వాళ్ల చుట్టం.

అందుకే అక్కడ పోలింగ్ బూత్ బయట పార్టీలవాళ్లు కార్డులు పంచుతారు. 1 మాకు, 2 వీళ్లకి, 3 వాళ్లకి అని. పక్క పార్టీ ఓటరుని తిడితే రెండో నంబర్ రాదు కాబట్టి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. మన దగ్గర? 2021లో నాకొచ్చిన పాంప్లెట్లు, వాట్సాప్ ఫార్వర్డ్‌లు అన్నిట్లో ఒకటే మాట. "మొదటి ప్రాధాన్యత మాకే." రెండోది ఎవ్వరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ ఇవ్వలేదు.

కామెంట్స్‌లో ఒక డౌట్ తప్పకుండా వస్తుంది. "బ్రో, రెండో నంబర్ రాస్తే నా మొదటి క్యాండిడేట్‌కి నష్టం కదా?" కాదు. మీరు 1 వేసిన మనిషి పోటీలో ఉన్నంతవరకూ మీ 2 ఎవరూ చూడరు. ఆయన అవుట్ అయ్యాకే చూస్తారు. అంటే అది ఇన్సూరెన్స్ లాంటిది. ఇంకో డౌట్, "మిగతావాళ్లు ఎవరూ నచ్చకపోతే?" అప్పుడు ఖాళీగా వదిలేయండి, అది మీ హక్కు. మన రూల్ ప్రకారం 1 తప్పనిసరి, మిగతావి మీ ఇష్టం. కానీ తెలిసి వదలడం వేరు, తెలియక వదలడం వేరు. నేను తెలియక వదిలాను.

ఇంకా పెద్ద తప్పులు చేసేవాళ్లూ ఉన్నారు. 2025లో కరీంనగర్ - మెదక్ - నిజామాబాద్ - ఆదిలాబాద్ పట్టభద్రుల సీట్లో బీజేపీ అంజిరెడ్డి గారు 5 వేల పైన తేడాతో గెలిచారు. అక్కడ చెల్లని ఓట్లు 28 వేలకు పైనే. అందరూ గ్రాడ్యుయేట్లే! కాబట్టి గుర్తుపెట్టుకోండి. టిక్ పెట్టొద్దు. అక్షరాల్లో "ఒకటి" అని రాయొద్దు, అంకె వేయండి. ఇద్దరికి 1 వేయొద్దు. సంతకం, పేరు, జై కొట్టడాలు ఏవీ వద్దు. సొంత పెన్ను వాడొద్దు.

చివరిగా, ఈ వీడియో ఇప్పుడే ఎందుకంటే... మన సీటు పదవీకాలం 2027 మార్చిలో ముగుస్తుంది. ఈ ఓటర్ లిస్టు ప్రతిసారీ కొత్తగా తయారు చేస్తారు. 2021లో ఓటేశాను కదా, పేరు ఉంటుందిలే అనుకుంటే ఉండదు. మళ్లీ ఫారం 18 పెట్టాలి. ఎన్నికకు ముందు నవంబర్ 1ని లెక్కలోకి తీసుకుంటారు. ఆ తేదీకి మీ డిగ్రీ అయిపోయి మూడేళ్లు నిండాలి. మీరు ఇక్కడ నివాసం ఉండాలి. మీది గుంటూరా, వరంగల్లా, శ్రీకాకుళమా అనేది సమస్య కాదు. బీటెక్ ఎక్కడ చేశారన్నదీ సమస్య కాదు.

ఈసారి నేను బూత్‌కి వెళ్లేముందు లిస్టు చూసుకుని వెళ్తాను. నా ఇష్టమైన మనిషికి 1. ఆయన ఓడిపోతాడని తెలిసినా సరే, 1 ఆయనకే. తర్వాత 2, 3, చివరి రౌండ్ దాకా వెళ్లేలా కనీసం ఒక్క పెద్ద పార్టీ పేరు పక్కన ఏదో ఒక నంబర్. ఇష్టం లేకపోయినా, ఆ ఇద్దరిలో ఎవరు కాస్త నయమో చెప్పే హక్కు నేను ఈసారి వదులుకోను.

2021లో మీరెన్ని నంబర్లు రాశారు? నిజం చెప్పండి, కామెంట్ చేయండి. మీ పీజీ గ్రూప్‌లో, టీమ్ గ్రూప్‌లో ఈ వీడియో షేర్ చేయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి, బై.