సంగ్రహ గ్రంథములు – మూల గ్రంథములు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



లెక్కలు వ్రాసుకొని జీవించు నాబోటివాడు పండితులు మాటలాడవలసిన వేదిక నెక్కుట సాహసమే. నేను ఏ గురువు నొద్దను కావ్యపాఠము చదువలేదు. పగలు దస్తరములు, రాత్రి ఈ గ్రంథాలయపు పుస్తకములు. ఇదియే నా చదువు. అయినను కార్యవర్గమువారి యెదుట ఇప్పుడొక ప్రశ్న యున్నది గనుక నోరు విప్పుచున్నాను. బీరువాలలో చోటు చాలుట లేదు. పెద్ద భారత సంపుటములను తీసివేసి, వాని స్థానమున సంగ్రహ భారత రామాయణములను పెట్టుదమని కొందరు మిత్రులు సూచించినారు. వారి మాటలో నిజము లేకపోలేదు. శాంతిపర్వమును ఇంటికి గొనిపోవువారు అరుదు. సంగ్రహమో, అట్టలూడునట్లు చేతులు మారుచున్నది.

సంగ్రహములను నిందించుటకు నేను రాలేదు. వాల్మీకి రామాయణమున మొదటి సర్గయే ఒక సంగ్రహము. నారదుడు రామకథ నంతను సుమారు 100 శ్లోకములలో చెప్పగా, 24,000 శ్లోకముల కావ్యము దాని పిమ్మట పుట్టినది. తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు 15 పర్వములు తెలుగు చేసియు, 700 శ్లోకముల గీతను కొలది పద్యములలో ముగించెను. ఆయనను తప్పుపట్టు ధైర్యము నాకు లేదు. అంతయు చదివినవాడు కుదించినాడు. పోతన గజేంద్రమోక్షమును మూలముకంటె పెంచి వ్రాసెను. కుదించుట, పెంచుట, రెండును మన కవులు చేసినవే.

మన వాడపల్లికి వచ్చు యాత్రికుడు కృష్ణా మూసీ సంగమమున మునిగి, నరసింహస్వామి సన్నిధిని కదలు దీపమొకటి, కదలని దీపమొకటి చూచి బస్సెక్కును. అతడు చూచినది అబద్ధము కాదు. ఈ ఊరిలో కాపురముండుట మాత్రము వేరు.

నా బాల్యమున విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీగారి గొంతు వినుటకు రేడియో యున్న యింటి అరుగుమీద చేరెడివారము. వారు పురాణకథలను అందరికి అందునట్లు చెప్పిరి. శ్రోతలు జాబులు వ్రాసి ధర్మసందేహము లడిగిరి. కథ విన్నవారికే గదా సందేహములు పుట్టునది! సమాధానము కొరకు మాత్రము మూలమునకే పోవలెను.

ఇక నా తప్పొకటి చెప్పెదను. యౌవనమున, ఒక కార్తికమాసపు సాయంకాలము, అగస్త్యేశ్వరస్వామి ఆలయ మంటపమున నలుగురు కూర్చుండగా, సీతాదేవి లక్ష్మణుడు గీచిన గీత దాటుటను గూర్చి, ఇది వాల్మీకి మాటయని దీర్ఘముగా చెప్పితిని. నా ఆధారము బొమ్మలున్న ఒక చిన్న రామాయణము. స్తంభమునకు చేరగిలబడిన వృద్ధుడొకరు, “అది ఏ సర్గల ఉన్నదయ్యా? పుస్తకం తెచ్చి చూపించు” అనిరి. అరణ్యకాండ తెచ్చి మూడు రాత్రులు వెదకితిని. గీత లేదు. మన రంగనాథ రామాయణమున కలదని తరువాత తెలిసినది. గీత చెడ్డదని నేననను. ఎవరి సొమ్ము ఎవరి ఖాతాలో పడినదో లెక్కలవాడనై యుండియు కనిపెట్టలేకపోతిని!

ఆ రాత్రులలో వెదకనిది మరియొకటి దొరికినది. “సీత పంపగా లక్ష్మణుడు వెళ్లెను” అని నా చిన్న పుస్తకము ఒక వాక్యముతో తేల్చినది. వాల్మీకి యట్లు తేల్చడు. భర్తకు ఆపదయని భయపడిన సీత, తల్లివలె తన్ను కొలుచు మరిదిని అనరాని మాటలనును. అతడు చేతులు జోడించియే కోపించును. కోపించియు, వనదేవతలు నిన్ను రక్షింతురుగాక యని, వెనుదిరిగి వెనుదిరిగి చూచుచు పోవును. ఇద్దరును మంచివారే, ఇద్దరును గాయపడిరి. మా యింట అన్నదమ్ములము మాటలు లేక యున్న రోజులవి. ఆ సర్గ చదివి దీప మార్పి చాలసేపు కూర్చుంటిని. మరునాడు మా అన్నగారి యింటికి పోయితిని.

మా లెక్కలలో గోష్వారా యని యొకటి కలదు. ఏడాది పద్దుల సారమును ఒక కాగితము మీదికి తెచ్చుట. అది లేనిదే పని నడువదు. అయితే ప్రతి మొత్తమున కెదురుగ రిజిస్టరు పుటసంఖ్య వేయవలెను. తగాదా వచ్చిన నాడు రిజిస్టరే తెరువవలెను. మన సంగ్రహకర్తలలో పెక్కురు ఆ సంఖ్య వేయరు. నా ఫిర్యాదంతయు నిదియే.

కావున పెద్ద సంపుటములను తీసివేయవలదని మనవి. నావంతుగా మన సంగ్రహ భారతమునకు, ఏ ప్రకరణము ఏ పర్వమున ఏ ఆశ్వాసమున నున్నదో తెలుపు పట్టిక వ్రాయుచున్నాను. విరాటపర్వమువరకు అయినది, అట్ట లోపల అంటించితిని. చేవ్రాత కుదురుగ నున్న విద్యార్థులెవరైన ఆదివారములు వచ్చినచో ఉద్యోగపర్వము దసరాలోపల ముగియును. కొత్త బీరువాకు నా చందా కార్యదర్శిగారి కిచ్చితిని. రశీదు ఇంకను రావలసియున్నది.