ఊరు తెలియని యెముక



నా పూర్వశిష్యు డొకడు అమెరికానుండి విశాఖకు వచ్చి నా బల్లపై నొక పుఱ్ఱె నుంచెను. జానెడు పొడవు, ఱాతి బరువు. “మాస్టారూ, ఇది యేమి జంతువో చెప్పగలరా?” అని యడిగెను. కోఱలను జూచి పంది యంటిని. అతడు నవ్వి దవడపండ్లు చూపెను. వానిపై గొఱ్ఱె పండ్లమీదివంటి నెలవంక గీతలున్నవి. ఆకు నమలు జంతువని యప్పు డెఱిగితిని.

దాని పేరు మెరికాయిడోడాన్. గొఱ్ఱె యంత దేహము. ఉత్తర అమెరికాలో మూడు కోట్ల యేండ్లకు పూర్వము మేసినది. నేడు దాని వంశమే లేదు. 1848లో దానికి పేరిడిన జోసెఫ్ లీడీ పండితుడు ఈ తెగను నెమరువేయు పందు లనెను. దక్షిణ డకోటా బంజరు గుట్టలలో నీ పుఱ్ఱెలు విరివిగా దొరకును, సేకరించువారు కొందురు. ప్రభుత్వ భూములనుండి అనుమతి లేక తీయరాదని అచ్చట 2009లో చట్టమైనది. సొంత నేలలో దొరకినదానిని అమ్ముకొనవచ్చును. శిష్యుని పుఱ్ఱెతో నొక చీటి యుండెను: ఏ నేల, ఏ పొర, ఏ దినము.

ఆ చీటి చదివి నేను తల వంచుకొంటిని. కారణము చెప్పెదను.

మన విశాఖ కొండలలో నిట్టివి లభింపవు. వీని ఖోండలైటు శిల భూగర్భమున వేడికిని ఒత్తిడికిని లోనై, ఎముకగల ప్రాణి పుట్టకమున్నే రూపు గట్టినది. ఎముకలను దాచిపెట్టినది రాయలసీమ సున్నపుఱాయి. నంద్యాల జిల్లా బేతంచెర్ల యొద్ద బిల్ల సుర్గం గుహలు కలవు. 1844లో న్యూబోల్డు వానిలోని యెముకలను గూర్చి వ్రాసెను. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూటును, పిమ్మట నతని కుమారుడు హెన్రీయు త్రవ్వి, ఏ యెముక యే పొరలో దొరకెనో వ్రాసియుంచిరి. ఆ యెముకలను పరిశీలించి 1886లో లిడెక్కరు, నశించిన యొక ఖడ్గమృగమునకు కర్నూలు పేరిట రైనోసరస్ కర్నూలియెన్సిస్ అని నామకరణము చేసెను.

నలుబది యేండ్ల క్రిందట నే నా గుహలను జూడబోయి యొక దంతమును జేబులో వేసికొంటిని. ఒక్క దినమున మూడు గుహలు తిరిగితిమి. ఏ గుహయో, ఏ పొరయో వ్రాసికొనలేదు. అది గుఱ్ఱపుదో ఖడ్గమృగపుదో నిపుణుడు చెప్పవచ్చును. ఏ జంతువుల నడుమ పడియుండెనో ఇక నెవ్వరును జెప్పలేరు. కట్ట విడిన తాళపత్రమువలె, అక్షరము లున్నవి, కావ్యము లేదు. సముద్రముల కావలి పుఱ్ఱెకు ఊరున్నది. మన సీమ దంతమును నేనే యూరు లేనిదానిగా జేసితిని.

శ్రోతలారా! గుహలోనో గట్టునో ఇట్టి యెముక కనబడినచో పెకలింపకుడు. చోటు గుర్తుంచుకొని విశ్వవిద్యాలయమున భూవిజ్ఞానము బోధించువారికి తెలుపుడు. నా దంతమునకు నేను చేయగలిగినది స్వల్పము. శిష్యుడు వెళ్ళిన రాత్రి చిన్న చీటి వ్రాసి దానికి గట్టితిని: ‘బిల్ల సుర్గం. గుహ తెలియదు. తప్పు నాది.’

సెలవు.