లంగరు వేసిన చోట



సముద్రం గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినారు. మంగంపేటలో సముద్రం మాట ఎత్తాలంటే కొంచెం ధైర్యం కావాల. అయినా నన్ను సముద్రం మీదికి తీసుకుపోయింది మన ముగ్గురాయే. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు ఎగదన్నకుండా బావిలోకి చిక్కటి బురద పంపుతారు. ఆ బురదకు బరువు రావడానికి కలిపేది మన రాయి పొడి. అట్లాంటి రిగ్గుల మీద ఇరవై ఏండ్లకు పైగా పనిచేసినాను.

2019 మే నెలలో, నాతో పనిచేసి రిటైరైన మిత్రుడొకడు తన తెరచాప పడవ మీదికి రమ్మన్నాడు. మలేసియా పడమటి తీరం. 38 అడుగుల పడవలో ఆయన, ఆయన భార్య, నేను. మంచినీళ్ళ ట్యాంకు 300 లీటర్లు. గిన్నెలు ఉప్పునీళ్ళతో తోమి, ఆఖర్న ఒక చెంబు మంచినీళ్ళతో కడగాల. స్నానం సముద్రంలో, పైన రెండు చెంబులు. ఇదంతా నాకు నేర్పబోయినాడు మిత్రుడు. నాకు నవ్వొచ్చింది. ఎండాకాలం బోరింగు కాడ బిందెలు వరుసలో పెట్టి పెరిగినోళ్ళకు ఇది కొత్తా? వాన చినుకు పడితే పడవ మీది గుడ్డ పందిరి కింద బకెట్లు పెట్టను అందరికంటే ముందు లేచేది నేనే.

పంగ్కోర్ దీవి దగ్గర లంగరు వేసినాం. అప్పటికే ఏడెనిమిది పడవలు ఉన్నాయి. కొత్త పడవ వస్తే, ముందునుంచి ఉన్నవాళ్ళు చిన్న రబ్బరు పడవలో వచ్చి పలకరించి పోతారు. మన పక్కల కొత్తవాళ్ళను మొదట ఏమి అడుగుతామో మీకు తెలుసు. అక్కడ అడిగేది, "ఎంత చైను వదిలినారు?" అని.

పక్క పడవలో న్యూజిలాండు దంపతులు, డెబ్బై దాటినవాళ్ళు. ఆ పెద్దాయన అదే అడిగినాడు. ఇంజనీరువి కదా అని లంగరు పని నాకే అప్పగించి ఉన్నారు. "లోతు 4 మీటర్లు, దానికి అయిదింతలు, 20 మీటర్లు" అన్నాను గట్టిగా. ఆయన ఏదో చెప్పబోయి, నా మొగం చూసి మాట మార్చినాడు. "మీ దేశపు ఆడపిల్లలు ఆరుగురు మా లిటిల్టన్ రేవుకు వచ్చినారు, తెలుసా?" అన్నాడు.

నాకు తెలీదు. నౌకాదళం వాళ్ళ తారిణి పడవ అది, 55 అడుగులది. వర్తికా జోషి కెప్టెన్. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, కేప్ హార్న్ చుట్టి, 254 రోజులకు 2018 మే 21న మళ్ళీ గోవా చేరినారు. వాళ్ళలో పి. స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు అమ్మాయి. ఇద్దరు తెలుగు పిల్లల సంగతి న్యూజిలాండు ముసలాయన నాకు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ కూర్చున్న ఆడపిల్లలు ఆ పేర్లు రాసుకోండి.

ఆ రాత్రి మూడు గంటలప్పుడు హారన్ మోత. లేచేసరికి మా గదిలోకి టార్చి వెలుగు కొడుతోంది. అక్కడ సుమత్రా వైపు నుంచి, ఎక్కువగా తెల్లవారుజామున, ఉన్నట్టుండి గాలివాన విరుచుకుపడుతుంది. దాన్ని సుమత్రా అనే అంటారు. మా లంగరు బురదలో జారిపోతోంది. వెనక రాళ్ళు, మహా అయితే 50 మీటర్లు. మిత్రుడు ఇంజను వేసినాడు. నేను ముందు భాగంలో వానలో మోకాళ్ళ మీద కూర్చొని చైను లాగుతున్నా, చేతులు వణుకుతున్నాయి. ఆయన భార్య ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దాయన తన పడవ వదిలి రాలేదు, అట్లాంటప్పుడు రాకూడదు కూడా. అరగంట సేపు టార్చి వెలుగు ఆ రాళ్ళ మీదే పట్టుకొని నిలబడినాడు. రాళ్ళు ఎక్కడున్నాయో కనపడబట్టి మేము బయటపడినాం.

తప్పు నాదే. నేను లోతు కొలిచింది నీళ్ళు తీసిన వేళ. పోటుకు ఇంకో 2 మీటర్లు పెరిగింది. నీటి నుంచి పడవ ముక్కు దాకా ఉండే మీటరు ఎత్తూ కలపలేదు. మొత్తం 7 మీటర్లు, అయిదింతలంటే 35. చైను తక్కువైతే లంగరును పైకి ఎత్తేస్తుంది. చాలినంత ఉంటే, మీటరుకు రెండు కిలోలకు పైగా బరువున్న ఆ చైను అడుగున పడుకొని, లంగరును నేలబారుగా లాగుతుంది. బరువు లెక్కలతో బతికినోడిని, ఇది తప్పినాను. పొద్దున ఆయన్ను చెప్పనిచ్చి ఉంటే రాత్రి ఆ గతి పట్టేది కాదు.

తెల్లారినాక రాగిసంగటి చేసి, చెనిక్కాయల ఊరిబిండి నూరి వాళ్ళ పడవకు తీసుకుపోయినాను. ఆయన రాత్రి మాట ఎత్తలేదు. ఊరిబిండికి కండ్లల్లో నీళ్ళు వచ్చినా ఆమె రెండోసారి వేయించుకునింది. నా సంచిలో ఎప్పుడూ ఉండే చిన్న ముగ్గురాయి ఆయన చేతిలో పెట్టినాను. "ఇంత రాయికి ఇంత బరువా!" అని రెండు చేతుల్లో మార్చి మార్చి చూసి, గాలికి ఎగరకుండా సముద్ర పటం మీద పెట్టుకున్నాడు. మూడో రోజు వాళ్ళు ఉత్తరంగా పోయినారు, మేము దక్షిణంగా.