బాకీ ఎవరిది, సంతకం ఎవరిది?

(పల్లె యువజనుల సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



డిగ్రీ, ఇంజనీరింగు అయిపోయి మన పల్లెల్లో ఊరికే కూర్చున్న పిల్లల్ని అడగండి, సర్టిఫికెట్లు ఏవిరా అని. కాలేజీ బీరువాలో ఉన్నాయంటారు. ఎందుకున్నాయి? ఫీజు బాకీ అంట. ఎవరి బాకీ? అక్కడ నోరు పెగలదు, తల దించుకుంటారు. ఆ తల దించుకోవడం గురించే మాట్లాడదామని వచ్చాను.

మన తాతల కాలంలో తండ్రి చేసిన అప్పుకి కొడుకు ఆసామి కొట్టంలో పాలేరుగా ఉండేవాడు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఇప్పుడు మనిషిని కట్టెయ్యడం లేదు, వాడి మార్కుల లిస్టుని కట్టేస్తున్నారు. ఉద్యోగం వచ్చినా చేరలేడు. ఇది వెట్టి కాకపోతే మరేమిటి?

లెక్క చూద్దాం. ఎస్సీ పిల్లల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఎవరి దయా కాదు. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్నప్పుడు పట్టుబట్టి సాధించింది, 1944లో మొదలైంది. 2020 డిసెంబరులో ఢిల్లీ తన వంతు నూటికి 60, రాష్ట్రం వంతు 40 అని నిర్ణయించింది. ఆంధ్రలో 2021 నుంచి కొన్నేళ్ళు ఫీజు సొమ్ము కాలేజీకి కాకుండా తల్లుల ఖాతాల్లో వేసి, వారంలో కట్టెయ్యమన్నారు. వేసిన విడత వేశారు, ఆపిన విడత ఆపారు. 2024లో ప్రభుత్వం మారింది. పాత బకాయి మీదంటే మీదని తోసుకున్నారు. కాలేజీవాళ్ళకి సర్కారు దొరకదు, పిల్లవాడు దొరుకుతాడు.

కాబట్టి బాకీని రెండు కుప్పలు చెయ్యాలి. తల్లి పాసుబుక్కు అచ్చు వేయించండి. ఏ విడత ఎప్పుడు విడుదలయ్యిందో జ్ఞానభూమిలో చూడండి. రాని విడత సర్కారు బాకీ. వచ్చిన విడత ఆస్పత్రికో వడ్డీకో ఖర్చయిపోతే అది మాత్రం మన బాకీయే. దాచొద్దు. వాయిదాల్లో కట్టి రశీదు తీసుకోండి. ఈ మాట కొందరు కార్యకర్తలకి నచ్చదని తెలుసు. కానీ రేపు లెక్క బయటపడితే నిజంగా సొమ్ము రానివాళ్ళ పోరాటం కూడా దెబ్బతింటుంది.

ఇక అసలు సంగతి. సర్టిఫికెట్ కావాలంటే ఈ కాగితం మీద సంతకం పెట్టమంటారు. అది ప్రోనోటు. ప్రోనోటు అంటే మన పెద్దలకి చెప్పక్కర్లేదు, ఆసామి మూడేళ్ళకోసారి ఎందుకు తిరగరాయించుకునేవాడో వాళ్ళకే బాగా తెలుసు. గడువు నుంచి మూడేళ్ళు దాటితే బాకీకి కాలదోషం పడుతుంది, దావా చెల్లదు. ఆలోపు బాకీ నిజమేనని రాసి సంతకం పెడితే మూడేళ్ళు మళ్ళీ మొదటినించి. కాలదోషం పట్టాక కూడా, కడతానని రాసిచ్చి సంతకం పెడితే చచ్చిన బాకీ లేచి కూర్చుంటుంది. అందుకే సర్కారు ఇవ్వాల్సిన సొమ్ముకి మీ వేలిముద్ర వెయ్యొద్దు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టొద్దు.

చేరేటప్పుడు ఇచ్చిన టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ కాలేజీలు అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ప్రకటించింది. అది రాసి ప్రిన్సిపాల్‌కి అర్జీ ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. తీసుకోనంటే రిజిస్టరు పోస్టులో పంపండి. ఏ విడత ఎందుకు ఆగిందని సాంఘిక సంక్షేమ శాఖని సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలి. ఈ సంగతి మన మండలంలో ఎంతమందికి తెలుసు?

చదువు కోసం బాకీపడటం సిగ్గుపడే పని కాదు. బాబాసాహెబ్ 1913లో అమెరికా వెళ్తూ బరోడా సంస్థానానికి పదేళ్ళు కొలువు చేస్తానని రాసిచ్చారు. ఆ మాట మీదే 1917లో బరోడా వెళ్తే, ఉండటానికి ఒక గది ఇచ్చినవాడు లేడు. కొలువు వదిలి రావలసి వచ్చింది. మాట తప్పింది ఆయనా, తలదాచుకోను చోటివ్వని ఊరా?

ఈ ఆదివారం పొద్దున్నే అంబేడ్కర్ బొమ్మ దగ్గర కూర్చుంటాం. పాసుబుక్కులు, ఫీజు రశీదులు, కాలేజీ ఇచ్చిన కాగితాలు ఏవున్నా తెచ్చుకోండి. అర్జీలు నేను రాస్తాను. చదివించుకుని సంతకం మటుకు మీరే పెట్టండి.