పుస్తకం పిల్లల చేతికి అందాలి
(కోహెడలో చేసిన ప్రసంగ పాఠం)



దివ్యఖుర్ఆన్‌లో తొలుత అవతరించిన పదం ‘ఇఖ్రా’, అనగా చదువు. ఒకటి, రెండు తరగతుల్లో మన పిల్లలు ఎక్కువగా ఉపాధ్యాయుని వెంట వల్లిస్తారు. నచ్చిన పుస్తకాన్ని తామే ఎంచుకొని, కూడబలుక్కొని, అర్థం గ్రహించిననాడే చదువు వారికి వశమవుతుంది.

ప్రతి బడిలోనూ కథల పుస్తకాలతో గ్రంథాలయం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషా బోధన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. బడి నిర్వహణ సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలన్నదీ ఆ చట్టమే.

కనుక తల్లులారా, ఆ సమావేశాలకు తప్పక వెళ్లండి. రోజూ అరగంట స్వయంపఠనం, తెలుగు-ఉర్దూ కథల పుస్తకాలు, తాళం లేని బీరువా కోరండి. తీర్మానంలో రాయించండి.