ఉద్యోగిని అయిన తల్లి – ఉదయపు పరుగు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా షోలాపూర్‌లో జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ పాఠశాల క్రీడోత్సవానికి వెళ్ళినా ఒక దృశ్యం కనబడుతుంది. పిల్లలకు నూరు మీటర్ల పరుగు, రిలే, లాంగ్‌జంప్ ఉంటాయి. తండ్రులకు తాడులాగే పోటీ ఉంటుంది. తల్లుల వంతు వచ్చేసరికి చెంచాలో నిమ్మకాయ, లేదా కుర్చీలాట. ఆ ఆటలు తప్పు కావు. వాటిలో నవ్వు ఉన్నది, సరదా ఉన్నది. కానీ తల్లులకు అవి తప్ప మరొకటి ఎందుకు లేదన్నది ఆలోచించవలసిన విషయం. ఏడవ తరగతి దాకా మైదానమంతా తనదే అన్నట్లు పరుగెత్తిన ఆడపిల్ల ఎనిమిదవ తరగతికి రాగానే గట్టున కూర్చుండిపోతుంది. ఆమెను ఎవరూ కసిరి కూర్చోబెట్టలేదు. పెద్దదైన స్త్రీ పరుగెత్తడం ఆమె ఎన్నడూ చూడలేదు, అంతే. కనుక ఉద్యోగమో, కూలిపనో చేసుకుంటూ పిల్లలను పెంచే తల్లి తన ఆరోగ్యం కోసం, తన ఆనందం కోసం పరుగెత్తడమన్నది ఒక్క తల్లికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అది ఆమె కూతురి భవిష్యత్తుకు కూడా సంబంధించినది.

స్త్రీల కాళ్ళలో బలం లేదా? ఈ జిల్లాలో ఉన్నవారు ఆ మాట అనలేరు. ఆషాఢ మాసంలో ఆళంది నుండి పండరిపురానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా నడచి వచ్చే వారకరీలలో తులసికోటను తలపై పెట్టుకొని నడిచే స్త్రీలు ఎందరో ఉన్నారు. నారళీ పౌర్ణమినాడు మార్కండేయ స్వామి రథం వెంట పిల్లలను చంకనెత్తుకొని రోజంతా తిరిగే పద్మశాలి తల్లులు ఈ ఊరిలోనే ఉన్నారు. వారిని ఎవరూ "ఎందుకమ్మా ఈ శ్రమ?" అని అడగరు. అది దేవుని పని. అదే తల్లి తెల్లవారుజామున అరగంట సేపు తన కోసం రోడ్డు మీద పరుగెత్తితే మాత్రం "ఈ వయస్సులో ఇదేమి చోద్యం?" అంటారు. అంటే లోపించినది బలం కాదు, అనుమతి. ఆ తరువాత సమయం.

సమయం మాట లెక్కలలోనే చూడవచ్చు. భారత ప్రభుత్వం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపనిలో పాలుపంచుకునే పురుషులు 97 నిమిషాలు. బయటి ఉద్యోగం చేసినంత మాత్రాన తల్లికి ఇంటిపని తప్పిపోదు. బీడీలు చుట్టి సాయంకాలానికి లెక్క అప్పగించవలసిన తల్లి అయినా, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు అయినా, బడిపంతులమ్మ అయినా, ఇల్లు చేరగానే రెండవ ఉద్యోగం మొదలవుతుంది. ఈ రెండు ఉద్యోగాల మధ్య అరగంట దొరకడమే అన్నిటికన్నా కష్టమైన పందెం.

స్త్రీలకు దూరపు పరుగు తగదన్న మాట ఒక్క మన దేశానిదే కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టి, వారు అలసిపోయారన్న నెపంతో తీసివేశారు. అది తిరిగి 1960లో గాని రాలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో హాలెండు దేశపు ఫానీ బ్లాంకర్స్ కోయెన్ నాలుగు స్వర్ణపతకాలు గెలిచినప్పుడు ఆమె వయస్సు ముప్పై ఏళ్ళు, ఇద్దరు బిడ్డల తల్లి. పిల్లలను ఇంట వదిలి పరుగు పందాలేమిటని ఆమెను విమర్శించినవారు ఉన్నారు. బోస్టన్ మారథాన్ 1972 వరకు స్త్రీలను అధికారికంగా చేర్చుకోలేదు. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ 1984లో మొదలైనది. అనగా ఒలింపిక్స్‌లో 42 కిలోమీటర్ల 195 మీటర్లు పరుగెత్తే హక్కు స్త్రీకి లభించి ఇంకా అర్ధశతాబ్దమైనా పూర్తిగా గడవలేదు.

ఈ చరిత్రలో మీకీ గోర్మన్ అనే ఆమె కథ తల్లులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. ఆమె 1935లో చైనాలో జపనీయుల ఇంట జన్మించి, తరువాత అమెరికాలో స్థిరపడినది. ఐదడుగుల ఎత్తు, నలభై కిలోలకు లోపు బరువు. ముప్పై ఏళ్ళు దాటిన తరువాత, కాస్త ఒళ్ళు చేయాలన్న కోరికతో లాస్ ఏంజెలెస్‌లోని వ్యాయామశాలలో చేరి పరుగు ప్రారంభించినది. పతకాల మాట అప్పుడు ఆమె మనస్సులో లేదు. 1974లో బోస్టన్ మారథాన్‌లో స్త్రీలలో ప్రథమురాలైనది. 1975లో కూతురు పుట్టినది. ఇక ఇంటితో సరి అనుకునే వయస్సు అది, ఆమెకు దాదాపు నలభై. మరుసటి సంవత్సరం 1976లో న్యూయార్క్ మారథాన్‌ను 2 గంటల 39 నిమిషాల 11 సెకనులలో పూర్తిచేసి గెలిచినది. 1977లో బోస్టన్, న్యూయార్క్ రెండింటినీ గెలిచినది. ఆమె తరువాత న్యూయార్క్‌లో మరొక అమెరికన్ స్త్రీ గెలవడానికి 2017 దాకా పట్టినది. ఇందులో గ్రహించవలసినది గెలుపు కాదు. మాతృత్వం పరుగుకు ముగింపు కాదనీ, నలభై ఏళ్ళు ఆలస్యం కాదనీ గ్రహించాలి.

దూరదేశపు మాట ఎందుకనే వారికి ఈ రాష్ట్రంలోనే బారామతి ఉన్నది. పొలాలలో కూలిచేసి ముగ్గురు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసిన లతా భగవాన్ కరే అనే ఆమె, భర్త జబ్బుపడి పరీక్షలకు డబ్బు లేని స్థితిలో, అరవై ఏళ్ళు దాటిన వయస్సులో, తొమ్మిది గజాల చీర కట్టుకొని, చెప్పులు లేని కాళ్ళతో మూడు కిలోమీటర్ల పందెంలో పరుగెత్తి బహుమతి గెలుచుకున్నది. ఇది జరిగి పదేళ్ళు దాటినది. ఆమె కథను తెలుగువాడైన నవీన్ దేశబోయిన మరాఠీలో చలనచిత్రంగా తీశారు. 2020లో విడుదలైన ఆ చిత్రంలో ఆమె పాత్రను ఆమే ధరించినది; జాతీయ పురస్కారాలలో ప్రత్యేక ప్రశంస పొందినది. ఈ కథ విని కన్నీరు పెట్టుకోవడం సులభం. కానీ తల్లి పరుగెత్తడానికి భర్త జబ్బే కారణం కావాలా? కష్టం వస్తే పరుగెత్తవచ్చు, సంతోషం కోసం పరుగెత్తరాదు అన్న నియమం ఎక్కడిది?

ఇక పరుగు మొదలుపెట్టే తల్లి అనుభవం ఎట్లుంటుంది? మొదటి వారంలో ఊపిరి ఆడదు, పిక్కలు పట్టేస్తాయి, వీధి కుక్కలు వెంటపడతాయి, పాలు పోసే మనిషి వింతగా చూస్తాడు. అందుచేతనే చాలామంది మూడవ నాడు మానుకుంటారు. తప్పు వారిది కాదు, పద్ధతిది. చిన్నప్పటి నూరు మీటర్ల పరుగు గుర్తుపెట్టుకొని అంత వేగంతోనే బయలుదేరుతారు. మొదట ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. ఇట్లా ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు చాలు. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తితే అది సరియైన వేగం. మాట తడబడితే నడవాలి. వారాలు గడిచేకొద్దీ పరుగు పెరిగి నడక తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యరకపు వ్యాయామం, లేదా 75 నిమిషాల తీవ్ర వ్యాయామం అవసరమని చెప్పినది. రోజుకు ఇరవై, ముప్పై నిమిషాలలో ఆ లెక్క తీరుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. నాలుగు అడుగులకే ఆయాసం వచ్చే తల్లి తన్ను తాను బద్ధకస్తురాలినని నిందించుకొనక ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. బిడ్డ పుట్టిన తరువాత కనీసం మూడు నెలలు గడవనిదే పరుగు జోలికి పోరాదు. శస్త్రచికిత్స జరిగినవారు, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే మొదలుపెట్టరాదు. చీర విషయంలో పట్టుదల అవసరం లేదు. కాలికి అడ్డుపడని దుస్తులు, పాదానికి సరిపోయిన బూట్లు చాలును. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ ఊరిలో సూర్యోదయానికి ముందే పరుగు ముగించాలి. ఒంటరిగా కంటే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళడం క్షేమం, ఉత్సాహం కూడా.

ఇట్లా కొన్ని నెలలు సాధన చేసిన తల్లికి మొదటి పందెం ఒక పండుగ. ఈనాడు పెద్ద నగరాలలో సామాన్యులకు కూడా పందాలు జరుగుతున్నవి. 2004లో ప్రారంభమైన ముంబయి మారథాన్‌లో పూర్తి దూరంతో పాటు ఆరు కిలోమీటర్లకు లోపు సరదా పరుగు కూడా ఉన్నది. ముందురోజు రాత్రే కూర కోసి పెట్టుకొని, చీకటితో లేచి, రొమ్ముపై అంకె వేసిన కాగితాన్ని పిన్నీసులతో కుట్టుకొని వేలమంది మధ్య నిలబడిన తల్లికి ఒక కొత్త సంగతి తెలుస్తుంది. అక్కడ ఆమె ఫలానావారి కోడలు కాదు, ఫలానావాడి తల్లి కాదు. ఒక అంకె, ఒక పేరు, రెండు కాళ్ళు. వెనుకనుండి వచ్చినవారు దాటిపోతారు. మొదట మనస్సు చివుక్కుమంటుంది. కొంత దూరం పోయాక, దాటిపోయినవారితో తనకు పోటీ లేదని అర్థమవుతుంది. చివరన గీత దాటే చోట పిల్లలు "అమ్మా!" అని అరుస్తూ ఉంటే, ఆమె ఎన్నవదిగా వచ్చినదన్న ప్రశ్న ఎవరికీ గుర్తుండదు. ఎప్పుడూ తాము పరుగెత్తుతుంటే గట్టున నిలిచి చప్పట్లు కొట్టిన అమ్మకు ఆనాడు వారు చప్పట్లు కొడతారు. ఈ పాఠం ఏ వాచకంలోనూ లేదు.

అయితే తల్లి సంకల్పం ఒక్కటే చాలదు. ఆమె వారానికి మూడు ఉదయాలు బయటికి వెళ్ళాలంటే ఆ మూడు ఉదయాలు ఇంట్లో పొయ్యి మరొకరు వెలిగించాలి. నాన్న టీ కాచి, పిల్లల డబ్బాలు సర్దితే ఆయన గౌరవానికి లోటు రాదు. కొడుకు అది చూచి నేర్చుకుంటాడు. అత్తగారు "పోయి రామ్మా, పిల్లలను నేను చూస్తాను" అన్న ఒక్క మాట అంటే కోడలికి సగం అలసట తీరుతుంది. ఇది ఎవరో ఆమెకు చేసే ఉపకారం కాదు. ఆ 299 నిమిషాలలో ముప్పై ఆమెకు తిరిగి ఇవ్వడం మాత్రమే.

పాఠశాలకు కూడా ఇందులో బాధ్యత ఉన్నది. డెబ్బై ఐదు సంవత్సరాలుగా పిల్లల పాదాలు తొక్కిన ఈ మైదానం ఉదయం ఐదున్నర నుండి ఆరున్నర వరకు తాళం వేసి ఉంటుంది. ఆ గంటసేపు గేటు తెరచి, దీపం వెలిగించి, తల్లులకు వదిలితే రోడ్డు మీది లారీల భయం, చీకటి భయం, చూపుల భయం ఉండవు. పూర్వ విద్యార్థుల సంఘం వారు జూబిలీ జ్ఞాపకంగా ఏదైనా చేయదలచుకుంటే, ఒక శిలాఫలకం కన్నా రెండు దీపస్తంభాలు, ఒక కావలిమనిషి జీతం ఎక్కువ ఉపయోగపడతాయి. రాబోయే క్రీడోత్సవంలో నిమ్మకాయ పందెం అట్లాగే ఉండనిచ్చి, దాని పక్కన తల్లులకు మూడు కిలోమీటర్ల పరుగు ఒకటి చేర్చాలి. నడిచినా సరే, పరుగెత్తినా సరే. ప్రథమ, ద్వితీయ బహుమతులు అవసరం లేదు. ముగించిన ప్రతి తల్లికీ ఆమె పేరు వ్రాసిన ప్రశంసాపత్రం ఆమె బిడ్డ చేతుల మీదుగా ఇప్పిస్తే చాలును.

ఆ రోజు గట్టున కూర్చున్న ఎనిమిదవ తరగతి పిల్ల తన తల్లి చెమటతో, నవ్వుతో మైదానం చుట్టి రావడం చూస్తుంది. మరునాడు ఆమెను లేచి పరుగెత్తమని ఎవరూ చెప్పనక్కరలేదు. జూబిలీ సంవత్సరంలో ఈ పాఠశాల తల్లులకు గేటు తెరచుగాక. తల్లులందరూ ఆయురారోగ్యాలతో వర్ధిల్లుదురుగాక.

స్వస్తి.