కల్లం దగ్గర పెట్టిన మీటింగు

ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ చేరామో ఆ మాస్టారికి ఉపన్యాసాలంటే గిట్టేది కాదు. "ఎదుటివాళ్లు నోరు తెరిచేదాకా నువ్వు తెరవకు" అనేవారు. ఈ సాయంత్రం నేను చేస్తున్నది ఆయన మాట దాటడమే. త్వరగా ముగిస్తాను.

ఇరవయ్యేళ్ల కిందటి సంగతి. ఈ చుట్టుపక్కలే ఒక బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టాను. ఉదయం పదకొండింటికి రమ్మని పిల్లల చేత చీటీలు పంపాను. ముప్పై కుర్చీలు వేయిస్తే నలుగురొచ్చారు. వీళ్లకు చదువంటే లెక్కే లేదని విసుక్కున్నాను. మాస్టారు విని, "మిరపకోతకు ఇవాళ కూలి ఎంత?" అన్నారు. నాకు తెలీదు. "ఎంతైతే అంత వదులుకుని రమ్మన్నావు" అని ఊరుకున్నారు.

ఆ వారంలోనే ఓ రాత్రి నన్ను కల్లానికి తీసుకెళ్లారు. కర్నూలు పడమటి పల్లెల నుంచి కోతలకొచ్చిన కుటుంబాలు పట్టాలు కప్పిన గుడిసెల్లో ఉన్నాయి. ఎండబోసిన కాయల ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. మాస్టారు ఖాళీ గోతం మీద చతికిలబడి ఆడవాళ్లతోపాటు తాలుకాయలు ఏరడం మొదలుపెట్టారు. అరగంట దాకా బడి ఊసే ఎత్తలేదు. వానలు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, ఎమ్మిగనూరు సంత, అవే కబుర్లు. చివరికి ఒకావిడే కదిలించింది: "పెద్దది బడికొస్తే సంటిదాన్ని ఎవురు సూస్తారు సార్?"

అంతే సంగతి. పిల్లల్ని బడికి పంపండంటూ మేం వేయించిన గోడరాతల్లో దీనికి జవాబు లేదు. మర్నాడు మాస్టారు అంగన్‌వాడీ ఆయాతో మాట్లాడి చంటిదాన్ని అక్కడ కూర్చోబెట్టించారు. ఎనిమిదేళ్ల పెద్దది పలక పట్టుకుని వచ్చింది. దాని పేరు కర్నూలు బడి రిజిస్టరులోనే ఉంది గనుక మా హాజరులో ఎక్కదు. ఎక్కని పిల్లకు మధ్యాహ్న భోజనం ఏ లెక్కలో పెట్టాలని నేను నసిగాను. ఆ నసుగుడు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇలా వాళ్ల దగ్గరికే వెళ్లి కూర్చోవడం మాస్టారి సొంత తెలివి అనను. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు పల్లెల్లో తల్లిదండ్రులనూ, పిల్లల్ని జీతానికి పెట్టుకున్న ఆసాములనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. పనిలోంచి వచ్చిన పిల్లల్ని ముందు శిబిరాల్లో ఉంచి, ఆ తర్వాత బడిలో చేర్చారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. పేదవాడికి బిడ్డ చదువు మీద ఆశ లేదన్న మాట ఎంత అబద్ధమో ఆ పల్లెల్లో తేలిపోయింది.

తర్వాత చట్టం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి, వెనకబడిన వర్గాలకు దామాషాలో చోటు దక్కాలి. బాగుంది. కానీ క్యాలెండరు చూడండి. కమిటీ ఎన్నికలు 2024లో ఆగస్టులో జరిగాయి. మిరపకోతల వాళ్లు దిగేది సంక్రాంతి దాటాక. రాష్ట్రమంతా ఒకేరోజు పెట్టిన మెగా పేరెంట్ టీచర్ మీటింగు 2024 డిసెంబరు 7న, పత్తితీతల రోజుల్లో. ముగ్గులు, భోజనాలు, ఫొటోలు అన్నీ ముచ్చటగానే ఉన్నాయి, నేను తప్పుబట్టను. కొన్నేళ్లుగా బడి గేటు దాటని అమ్మలు ఆ రోజు లోపలికొచ్చారు. చేలో ఉన్నవాళ్లు మాత్రం చేలోనే ఉన్నారు.

ఇక మన తుళ్లూరు. 2015 భూసమీకరణలో 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా రాజధానికి పోయాక పత్తి, మిరప చేలు చాలావరకు పక్క మండలాలకే మిగిలాయి. భూమిచ్చి కౌలు పొందిన ఇళ్ల పిల్లలు చాలామంది పొద్దున్నే ప్రైవేటు బస్సెక్కుతున్నారు. సర్కారు బడికి మిగిలింది భూమిలేని వాళ్ల పిల్లలు. భవనాల పని మీద బీహారు, ఒడిశా, బెంగాలు నుంచి వచ్చిన వాళ్లు రేకుల షెడ్లలో ఉంటున్నారు. వాళ్లలో పెళ్లాంబిడ్డలతో వచ్చినవాళ్లు ఎందరో మనమెవరమూ అడగలేదు. కడ్డీలు వంచేవాడి రోజుకూలి ఎంతో ఈ సభలో ఎవరైనా చెప్పగలరా?

వచ్చే ఆదివారం రాత్రి ఎనిమిదింటికి నేను ఆ షెడ్ల దగ్గరికి వెళుతున్నాను. హిందీ వచ్చినవాళ్లు ఒకరు తోడొస్తే చాలు. కుర్చీలు అక్కర్లేదు.